మినహాయింపులు: ఏవీ లేవు

గురువారం ఉదయం ల్యాబావిడ మెమో కాగితాన్ని తడి చేత్తోనే పట్టుకుని వచ్చింది. ఆమె చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఊళ్ళో పన్నెండు చోట్ల కొళాయిల దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, వాటిలో క్లోరిన్ సరిపడా ఉందో లేదో చూడటం ఆమె పని. మిగిలిన సమయమంతా సీసాలు కడగడంతోనే సరిపోతుంది. కాగితం మూల కాస్త సిరా అలుక్కుపోయింది గానీ అసలు మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. సోమ, మంగళ, బుధవారాల్లో ఆమె నీటి పరీక్షలు చేయలేదట. ఇంత నిర్లక్ష్యానికి ఆమె కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చే సోమవారం పదకొండు గంటల్లోగా సంజాయిషీ చెప్పుకోవాలట.

"నేను చెయ్యలేదని రాశారు," అంది ల్యాబావిడ. "నువ్వు చెప్పు తాళాలమ్మా, ఈ మూడు రోజులూ సీసాల సంచీ మోసుకుంటూ నీ గుమ్మం ముందునుంచి వెళ్ళానా లేదా?"

నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్ చూసే ఆమెకి తాళాలమ్మ అని పేరు పెట్టింది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఎవరికి ఏ పేజీ తెరుచుకోవాలి, ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది పదహారేళ్ళుగా ఆమె చేతిలో పని. పర్మిషన్ కావాల్సిన ప్రతివాళ్ళూ ఆమె గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకోవాల్సిందే. అసలు పేరు హాజరుపట్టీలో క్షేమంగా ఉంది, అంతే.

కిందటి శనివారం ఆమె వెనక గదిలో పదేళ్ళుగా గుర్రుమంటున్న సర్వర్‌ని ఆపేసి, సాఫ్ట్‌వేర్ మొత్తం ఒక బయటి కంపెనీ నడిపే క్లౌడ్‌కి మార్చారు. నీళ్ళు కిందికి, అంకెలు పైకి అని అటెండరు నవ్వించాడు. పెద్దసారు అదే ఊపులో కాగితం రిజిస్టర్లన్నీ మూటలు కట్టించి గోడౌన్‌కి పంపేశారు. ఆయనది శుభ్రత పిచ్చి. బల్ల మీద రెండు పెన్నులుంటే ఒకటి తీసి లోపల పెట్టే మనిషి. బుధవారం మధ్యాహ్నం ఒక వీధివాళ్ళు నీళ్ళు వాసనొస్తున్నాయని గొడవ చేశారు. మూడు రోజుల అంకెలు పంపమని పైనుంచి ఫోనొచ్చింది. పెద్దసారు కంప్యూటర్లో ల్యాబు పేజీ తెరిచి చూస్తే ఖాళీ. మెమో రాయడానికి ఆయనకి పావుగంట కూడా పట్టలేదు.

తాళాలమ్మ ల్యాబుకి వెళ్ళింది. ఏడో పాయింటు కొళాయి నీళ్ళు అప్పుడే గాజుగొట్టంలో పోసి ఉన్నాయి. ల్యాబావిడ తెల్లబిళ్ళ ఉన్న రేకు చించి, వేలు తగలకుండా బిళ్ళని అందులో వేసి, మూతపెట్టి మెల్లగా తిప్పింది. నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరిగాయి. దాన్ని రంగుల చక్రం పక్కన పెట్టి, కిటికీ వెలుతురుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. సున్నా పాయింట్ నాలుగు. చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుని, చూపుడువేలితో ఒక్కొక్క అంకె వెతికి నొక్కింది. తెర కింద పచ్చ అక్షరాల్లో సేవ్ అయింది అని వచ్చింది.

"ఇదిగో, మూడు రోజులుగా ఈ మాటే చెప్తోంది. ఇది అబద్ధమాడుతుందని నాకేం తెలుసు?"

తాళాలమ్మ తన గదికి వెళ్ళి అదే పేజీ తెరిచింది. ఏడో పాయింటు గడి ఖాళీ. మళ్ళీ ల్యాబుకి వచ్చి చూసింది. అక్కడ సున్నా పాయింట్ నాలుగు నిక్షేపంలా ఉంది. అలా వరండాలో నాలుగుసార్లు తిరిగాక విషయం తేలింది. ఆ మిషను రాసినదాన్ని ముందు తన దగ్గరే దాచుకుని సేవ్ అయిందని చెప్పేస్తోంది. తర్వాత తీరిగ్గా పైకి పంపుతోంది. పైన వద్దని తిప్పికొడితే ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పడం లేదు. సాయంత్రం మిషను ఆపగానే దాచుకున్నది కూడా తుడిచిపెట్టుకుపోతోంది.

పైన ఎందుకు వద్దంటోందో చూడటానికి అనుమతుల పేజీ తెరిచింది. ల్యాబావిడ పేరు స్టోర్సు గ్రూపులో ఉంది. పక్కన చూడటం మాత్రమే అని ఉంది. సరిచేద్దామని దాని మీద నొక్కితే కదల్లేదు. తన పేరు వెతుక్కుంది. అక్కడా చూడటం మాత్రమే. పదహారేళ్ళు ఆఫీసుకంతటికీ తలుపులు తీసిన మనిషి చేతిలో ఇప్పుడు ఒక్క తాళంచెవి కూడా లేదు. కంపెనీవాళ్ళు అన్నీ తమ దగ్గరే పెట్టుకున్నారు.

అయితే ఆమెని భయపెట్టింది అది కాదు. ల్యాబావిడని ఉద్యోగంలోకి తీసుకున్నది స్టోర్సులో సాయానికి. ఏడేళ్ళ కిందట ల్యాబులో మనిషి లేకపోతే అప్పటి పెద్దసారు నోటిమాటతో ఇక్కడికి పంపారు. కాగితం లేదు. ఆ సారు వెళ్ళిపోయారు, మాట మిగిలిపోయింది. ల్యాబు పేజీలో రాసే అనుమతి తాళాలమ్మే తీసి ఇచ్చి తన నోటుబుక్కులో రాసుకుంది. అలా ఉత్తర్వు లేకుండా మనుషుల మొహం చూసి ఇచ్చినవి ఇరవై ఏడు. మార్పుకి ముందు కంపెనీవాళ్ళు ఒక ఫారం పంపారు. గ్రూపులతో పనిలేకుండా విడిగా అనుమతులు ఇచ్చినవాళ్ళుంటే పేర్లు, ఉత్తర్వు నంబర్లు రాయమన్నారు. నంబర్లు ఎక్కడనుంచి తెస్తుంది? మినహాయింపులు అన్నచోట ఏవీ లేవు అని రాసి సంతకం పెట్టింది. ఇరవై ఏడుగురిలో సగం మంది రిటైరయ్యారు, మిగతావాళ్ళకి చూడటం చాలు. రాయాల్సిన అవసరం ల్యాబావిడ ఒక్కతెకే. మారాక సోమవారం పొద్దున్నే ఒక్క నొక్కు నొక్కి తానే ఇచ్చేస్తే సరిపోతుందనుకుంది. సోమవారం పాస్‌వర్డులు మర్చిపోయినవాళ్ళంతా గుమ్మంలో బారులు తీరారు. ఆ హడావిడిలో ఈ మాటే మర్చిపోయింది.

"ఏం తేలింది?" అంది ల్యాబావిడ వెనకనుంచి.

"పర్మిషన్ తేడా అక్కా. మీ తప్పు లేదు," అంది తాళాలమ్మ. ఆ మాట నిజమే. ఎవరి తప్పో చెప్పే మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇది చెప్పకుండానే ఆమెని గట్టెక్కించే దారి ఉండే ఉంటుందని మనసుకి సర్దిచెప్పుకుంది.

పెద్దసారు అంతా విని, పర్మిషన్ ఇప్పించేయమన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక మెత్తటి గొంతు పలికింది. ఆ గొంతుకి కోపం రాదు, తొందరా ఉండదు. దేనికైనా టికెట్ పెట్టండి మేడం అంటుంది. ఆన్‌లైన్‌లో అర్జీ రాసి టికెట్ పెడితే గంటలో ల్యాబావిడకి రాసే అనుమతి వచ్చేసింది. మధ్యాహ్నానికి పన్నెండు పాయింట్లూ రెండు గదుల్లోనూ కనిపించాయి. పెద్దసారు సమస్య తీరిపోయిందని చేతులు దులుపుకున్నారు. మరి మూడు రోజుల సంగతేమిటని తాళాలమ్మ అడిగింది. అనుమతి లేదని ఈరోజు తేలింది గానీ, ఆవిడ ఆ మూడు రోజులూ పరీక్షలు చేసిందని ఏమిటి రుజువు అన్నారాయన. ల్యాబావిడ సీసాల చీటీల వెనక రాసుకున్న అంకెలు తెచ్చి చూపించింది. ఆయన ఒక చీటీని వెలుతురుకి పట్టి చూసి, ఇది నిన్న రాత్రి కూర్చుని కూడా రాయొచ్చమ్మా అని మర్యాదగానే తిరిగిచ్చేశారు. ల్యాబావిడ చీటీలు వరసగా సర్దుకుని రబ్బరుబ్యాండు వేసుకుని వెళ్ళిపోయింది. తాళాలమ్మకి అదే ఎక్కువ బాధనిపించింది.

పైన తిప్పికొట్టిన ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట ఆనవాలు ఉండి తీరాలి. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీలో రాయబోతే వద్దన్నామో వరసగా రాసుకునే చిట్టా అది. పాత సర్వర్లో అయితే కళ్ళుమూసుకుని తీసి చూపించేది. ఇప్పుడు దాన్ని చూసే అనుమతి ఆమెకి లేదు. శుక్రవారం పొద్దున్నే టికెట్ పెట్టింది. మీ పై అధికారి ఆమోదం కావాలి మేడం అంది మెత్తటి గొంతు.

ఆమోదం తెలపాల్సిన ఉత్తరం పెద్దసారు మెయిల్‌కి వచ్చింది. ఆయన మెయిల్ తెరిచి ఎన్నాళ్ళయిందో. తాళాలమ్మ ఆయన కుర్చీ పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చూపించింది. పాస్‌వర్డ్ గుర్తులేదు. ఆయన మనవరాలి పేరు కొట్టారు, ఇంటి నంబరు కొట్టారు, రెండూ కలిపి కొట్టారు. మూడోసారికి తెర ఆయన్ని అరగంట బయట ఉండమంది. ఇదేం మర్యాద అని ఆయన చిన్నబుచ్చుకున్నారు. అరగంటా తాళాలమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఎవరో వచ్చి పక్కనుంచి లోపలికి వెళ్ళినప్పుడల్లా గోడకి ఒదిగింది. తన గుమ్మంలో జనం ఇలాగే నిలబడేవాళ్ళు. అవతల పనేమీ లేకపోయినా ఐదు నిమిషాలు ఆగమనడం తనకి అలవాటు. ఆ అలవాటు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

కొత్త పాస్‌వర్డ్ తెప్పించి, ఆమోదం నొక్కించేసరికి మధ్యాహ్నం మూడైంది. మెత్తటి గొంతు రేపు పంపిస్తామంది. తాళాలమ్మ ఆ రేపటిని వదల్లేదు. గంటకోసారి ఫోన్ చేసింది. టికెట్ నంబరు ఆమెకి కంఠస్థమైపోయింది. శనివారం సగం రోజే ఆఫీసు. పదకొండున్నరకి చిట్టా వచ్చింది.

ముప్ఫై ఆరు వరసలు. రోజుకి పన్నెండు, మూడు రోజులు. ప్రతి వరసలోనూ ల్యాబావిడ పేరు, పాయింటు, టైము. సోమవారం పది ఇరవైకి ఒకటో పాయింటు, పది ఇరవై ఆరుకి రెండో పాయింటు. రాసిన అంకె మాత్రం చిట్టా దాచుకోదు. దాచుకోకపోతే పోనీ. బిళ్ళ వేసి, రంగు తిరిగేదాకా ఆగి, వెలుతురుకి పట్టి చూసి, కూర్చుని నొక్కడానికి పట్టే ఐదేసి నిమిషాలు ఆ వరసల మధ్యన కళ్ళకి కట్టినట్టు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఎవరూ ఇది పుట్టించలేరు. తాళాలమ్మ ప్రింటు తీసుకుని ల్యాబుకి దాదాపు పరుగెత్తింది. ల్యాబావిడ తన పేరు మీద వేలు పెట్టి ముప్ఫై ఆరుసార్లు కిందికి దిగింది. ఆఖరి వరస దగ్గర వేలు ఆపి, "నేను వెళ్ళానని రాసే ఉందే," అంది. తాళాలమ్మకి కళ్ళు చెమర్చాయి. దారి దొరికింది, తన మాట ఎత్తకుండానే దొరికింది అనుకుంది.

పెద్దసారు చిట్టాని మొదటి వరసనుంచి కాకుండా పైన శీర్షిక నుంచి చదివారు. అనధికార ప్రయత్నాలు అని ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అనుమతి లేని పేజీలోకి ముప్ఫై ఆరుసార్లు జొరబడబోయిందన్నమాట అన్నారు. కొత్త నిబంధనల్లో పది దాటితే నిర్లక్ష్యం కంటే పెద్ద నేరమట. ఆ పుస్తకం ఆయన దగ్గరే ఉంది, తీసి పేజీ చూపించారు. తాళాలమ్మ ఆవిడకి ఏడేళ్ళుగా అనుమతి ఉంది సార్ అంది. కాగితమేది అన్నారాయన. విడిగా ఎవరికీ అనుమతులు లేవని ఆఫీసు తరఫున రాసిచ్చాం కదా, మీరే కదా నింపారు అన్నారు. ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. ఫారం చూసి, అందులో ఉన్నది నిజమని నమ్మి అన్నారు.

ల్యాబావిడ గుమ్మంలో నిలబడి వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. రెండు రోజులు పట్టుబట్టి, ఫోన్ల మీద ఫోన్లు చేసి తెచ్చిన కాగితం ఆమె మెడకే చుట్టుకుంది.

ఆదివారం భర్త డ్యూటీకి వెళ్ళాడు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి బడిసంచీకి తెగిన పట్టీ కుడుతోంది. తాళాలమ్మ కూరగాయలు తరుగుతూ మధ్యలో కత్తి ఆపేసి గోడకేసి చూస్తోంది. అలా మూడుసార్లు జరిగాక అత్తగారు సంగతేమిటని అడిగింది. తాళాలమ్మ మొత్తం చెప్పింది. చెప్పేటప్పుడు మాత్రం ఫారం గురించి ఎక్కడా ఆగకుండా గబగబా దాటించేసింది. అత్తగారు దారం పళ్ళతో తెంపి, ఆ ఫారం మాట ఇంకోసారి చెప్పమంది. రెండోసారి చెప్పడం చాలా కష్టమైంది.

"ఉద్యోగం పోతుందా నీకు?"

"పోకపోవచ్చు. మచ్చ పడుతుంది. ప్రమోషన్ ఇక మర్చిపోవాలి."

"ఆవిడకో?"

తాళాలమ్మ తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. అత్తగారు పట్టీని రెండు చేతులా లాగి గట్టిదనం చూసి, ఇంకో రెండు కుట్లు వేస్తే మంచిదని మళ్ళీ సూదికి దారం ఎక్కించమంది. తాళాలమ్మ ఎక్కించి ఇచ్చింది. సాయంత్రం కూర్చుని ఒక పేజీ రాసింది. మొదటిసారి రాసినదాంట్లో పని ఒత్తిడి వల్ల అన్న మాట ఉంది. చదువుకుని ఆ మాట కొట్టేసింది. అప్పటి అధికారి నోటిమాట మేరకు అన్నది ఉంచింది, అది నిజం కాబట్టి. కింద నోటుబుక్కులోని ఇరవై ఏడు పేర్లూ తేదీలతో సహా దింపింది.

సోమవారం పదకొండుకి ముందే తాళాలమ్మ పెద్దసారు గదిలో ఉంది. ఆయన పేజీ చదివి, తలుపు దగ్గరికి వేయమన్నారు. ఆయనకి ఆమె మీద అభిమానమే. పాత సర్వర్ రోజుల్లో ఎన్నోసార్లు ఆఫీసు పరువు కాపాడింది. అందుకే దగ్గరివాళ్ళకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

"ఇది నాకు ఇవ్వలేదనుకోండి. ఆవిడది కాంట్రాక్టు అమ్మా, ఇంకోచోట చూసుకుంటుంది. మీది పర్మనెంటు. ఇది ఒకసారి ఫైల్లోకి వెళ్ళిందంటే మళ్ళీ బయటికి రాదు."

"ఆవిడ జొరబడలేదు సార్. ఆవిడకి పర్మిషన్ ఇచ్చింది నేను, తీసేసిందీ నేనే. ఇచ్చినప్పుడు కాగితం పెట్టలేదు, తీసేసినప్పుడు ఆవిడకి చెప్పలేదు. ఫారంలో నేను రాసింది అబద్ధం."

ఆయన చాలాసేపు పేజీని బల్ల అంచుకి సమంగా సర్దుతూ కూర్చున్నారు. శుభ్రంగా ఉన్న ఫైలు ఇప్పుడు పాడైపోతుందని ఆయన బాధ. ఆ బాధ కూడా నిజమైనదే. చివరికి గంట కొట్టి ల్యాబావిడని పిలిపించారు. ఆమె సంజాయిషీ రాసి తెచ్చుకుంది. చేతులు ఈసారి పొడిగా ఉన్నాయి, ప్రత్యేకంగా తుడుచుకుని వచ్చింది. పెద్దసారు ఆమె కాగితం తీసుకోకుండా, తాళాలమ్మ రాసిన పేజీనే పైకి చదివారు. అంతా అయ్యాక మెమో వెనక్కి తీసుకుంటున్నామని ఒక్క ముక్కలో చెప్పారు.

వరండాలోకి వచ్చాక ల్యాబావిడ ఆగింది. "నీకు గురువారం నాడే తెలుసా?"

"తెలుసు అక్కా."

"నాలుగు రోజులు మా ఇంట్లో ఎవరం సరిగ్గా తిన్నామో లేదో అడుగు."

తిట్టినా బాగుండేదనుకుంది తాళాలమ్మ. ల్యాబావిడ తిట్టలేదు, క్షమించానూ అనలేదు. సంజాయిషీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని సీసాలు కడగడానికి వెళ్ళిపోయింది. సాయంత్రం వరకూ ల్యాబులోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మంగళవారం ఉదయం తాళాలమ్మ బల్ల మీద మెమో ఉంది. టైపిస్టు పాత మెమోలోనే పేరు మార్చి సరిపెట్టేశాడు. తొందరలో నీటి పరీక్షల పట్ల నిర్లక్ష్యం అన్న మాట తీయడం మర్చిపోయాడు. చదువుతుంటే ఆమెకి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. అందినట్టు సంతకం పెట్టి అటెండరు చేతికిచ్చింది. సంతకం పెట్టేముందు మాత్రం ప్రతి ముక్కా చదివింది.

పది ఇరవైకి బల్ల మీది ఫోన్ మోగింది.

"ఒకటో పాయింటు సున్నా పాయింట్ మూడు," అంది ల్యాబావిడ. పలకరింపు లేదు. "నీ దాంట్లో వచ్చిందా?"

తాళాలమ్మ గబగబా పేజీ తెరిచింది. వచ్చిందని చెప్పింది. ఫోన్ పెట్టేసింది అవతల. ఐదు నిమిషాలకి మళ్ళీ మోగింది, రెండో పాయింటు. మళ్ళీ ఐదు నిమిషాలకి మూడోది. గుమ్మంలో ఇద్దరు గుమాస్తాలు పాస్‌వర్డుల కోసం వచ్చారు. ఆమె కుర్చీలు చూపించి కూర్చోమంది. కళ్ళు తెర మీదనుంచి తిప్పలేదు.

"ఏడు. సున్నా పాయింట్ నాలుగు. సేవ్ అయిందంటోంది."

ఏడో గడి ఖాళీగా ఉంది. తాళాలమ్మ పేజీని ఇంకోసారి తెరిచింది. అప్పటికీ ఖాళీయే. బహుశా నెట్ నెమ్మదిగా ఉందేమో, నిమిషంలో వచ్చేస్తుందేమో. వచ్చింది అక్కా అనేస్తే సరిపోయేది.

"రాలేదు," అంది.

అవతల చూపుడువేలు అంకెలు వెతికి నొక్కుతున్న చప్పుడు, ఒక్కొక్కటే, నింపాదిగా. తెర మీద సున్నా పాయింట్ నాలుగు పడింది.

"వచ్చింది అక్కా. ఇప్పుడొచ్చింది."

"ఇక మీదట రోజూ ఇలా ఫోన్ చేస్తాను," అంది ల్యాబావిడ. "ఆ పచ్చ అక్షరాలు నేను నమ్మను. నువ్వైతే రానప్పుడు రాలేదంటావు."

ఐదు నిమిషాలకి ఎనిమిదో పాయింటు ఫోన్ వచ్చింది.